డిజైన్‌లో లేదు కాబట్టి చెయ్యలేదు

ఈ ముక్క మీరు వినే ఉంటారు. ఒకటి రెండుసార్లు అనే ఉంటారు కూడా. టెస్టింగ్ అమ్మాయి ఒక బగ్ వేస్తుంది: నెట్ పోయినప్పుడు 'సేవ్' నొక్కితే తెర తెల్లగా ఉండిపోతోంది, నింపినదంతా పోతోంది అని. మనవాడు దాన్ని రెండు నిమిషాలు చూసి, "డిజైన్‌లో లేదు" అని ఒక్క ముక్క రాసి, టికెట్టు మూసేసి టీకి వెళ్ళిపోతాడు. అబద్ధమా అంటే కాదు. డిజైనర్ గీసిచ్చిన బొమ్మల్లో నెట్ ఎప్పుడూ పోదు. సర్వరు అడగ్గానే పలుకుతుంది. యూజరు పేరు ఎప్పుడూ జాన్ స్మితే. నెట్ పోయిన తెరకి బొమ్మ లేదు, ఒప్పుకున్నాం. మరి ఆ తెర తెల్లగా ఉండాలని నిర్ణయించిందెవరండీ? డిజైనర్ కాదు, క్లయింటు కాదు, మేనేజరు అసలే కాదు. ఎర్రర్ వస్తే ఏం చెయ్యాలో రాయాల్సిన చోట ఖాళీ బ్రాకెట్లు పెట్టి వదిలేసిన మనవాడే.

నేను చెప్పదల్చుకున్నది ఇంతే, కాకపోతే కాస్త గట్టిగా చెప్తాను. యూజర్ ఎక్స్‌పీరియన్స్, మన పొట్టి భాషలో యూఎక్స్, అందులో పెద్ద వాటా ఇప్పటికే డెవలపర్ చేతిలో తయారవుతోంది. మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. ఒప్పుకోకపోవడం వల్ల అది అధ్వాన్నంగా తయారవుతోంది, అదీ తేడా.

నమ్మకం కలగకపోతే మీరు ఆఖరుగా రాసిన ఫారం ఒకటి గుర్తు తెచ్చుకోండి. డిజైనర్ ఇచ్చినవి మహా అయితే మూడు బొమ్మలు: ఖాళీ ఫారం, నింపిన ఫారం, ఆకుపచ్చ టిక్కుతో 'థాంక్యూ'. మిగతావన్నీ ఎవరివి? బటను రెండుసార్లు నొక్కితే డబ్బులు రెండుసార్లు పోతాయా? సర్వరు నలభై సెకన్లు తీసుకుంటే ఆ నలభై సెకన్లూ మనిషి ఏం చూస్తూ కూర్చోవాలి? ఓటీపీ కోసం మెసేజిల్లోకి వెళ్ళొస్తే పేజీ మళ్ళీ మొదటికొస్తుందా? సెషన్ అయిపోతే అరగంటసేపు నింపిన వివరాలు గంగలో కలుస్తాయా? ఇవన్నీ ఒక్కో 'ఇఫ్' దగ్గర, ఒక్కో 'క్యాచ్' దగ్గర మనం ఒక్కళ్ళమే కూర్చుని ఎవర్నీ అడక్కుండా తేల్చేసిన సంగతులు. రాత్రి పదకొండింటికి బిల్డ్ ఇవ్వాలన్న తొందరలో "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అని కొట్టి పడేస్తాం. ఆ వాక్యాన్ని లక్షలమంది చదువుతారు. తెలుగులో ఏ రచయితకి దొరికారండీ అంతమంది పాఠకులు?

కార్డు నంబరు సంగతి తీసుకోండి. చాలా కార్డుల మీద పదహారు అంకెల్ని నాలుగేసి చొప్పున విడగొట్టి అచ్చేస్తారు, చదువుకోడానికి వీలుగా. చూసి అలాగే టైపు చేస్తే "స్పేసులు లేకుండా ఎంటర్ చెయ్యండి" అని ఎర్రక్షరాలు కొన్ని సైట్లలో. అది రాసినవాడికి స్పేసు ఉందని కనిపెట్టడం వచ్చు, తీసెయ్యడం మాత్రం రాదు! కనిపెట్టడానికి ఎన్ని లైన్లు పడతాయో తీసెయ్యడానికీ అన్నే పడతాయి. పాస్‌వర్డ్ గడిలో పేస్ట్ చెయ్యనివ్వనివాళ్ళు ఇంకో రకం. అదేదో భద్రత అనుకుంటారు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే పేస్ట్ చెయ్యనివ్వండి బాబూ అని ఉంది, పాస్‌వర్డ్ మేనేజర్ వాడేవాళ్ళకి అదే ఆధారం కాబట్టి.

ఇవి చిరాకు కబుర్లు. ప్రాణాల మీదకొచ్చిన కథ ఒకటుంది. థెరాక్-25 అని కేన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే యంత్రం, కెనడాకి చెందిన ఏఈసీఎల్ తయారీ. 1985 జూన్ నుంచి 1987 జనవరి లోపు ఆరుగురికి ఇవ్వాల్సినదానికి ఎన్నో రెట్లు మోతాదు ఇచ్చేసింది. కొందరు చనిపోయారు. దీన్ని మనకి కాలేజీల్లో 'రేస్ కండిషన్'కి ఉదాహరణగా చెప్పి వదిలేస్తారు. అది సగం కథే, మిగతా సగం తెర మీద ఉంది. 1986లో టెక్సస్‌లోని టైలర్ అనే ఊళ్ళో ఆపరేటరమ్మకి కనబడింది 'మాల్‌ఫంక్షన్ 54' అన్న రెండు ముక్కలు. దానర్థం ఏమిటా అని యంత్రం పక్కనున్న కాయితం చూస్తే 'డోస్ ఇన్‌పుట్ 2' అని ఉంది. ఎవరికి అర్థం కావాలి? ఆ యంత్రానికి ఇలాంటి నంబర్లు చూపించడం రోజూ అలవాటే. 'పి' మీట నొక్కితే మళ్ళీ నడిచేది. ఆవిడా అదే నొక్కింది. లోపల పడుకున్న మనిషి మీద రెండోసారి పడింది.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది వేరే ఉంది. ఆవిడ మొదట తప్పుగా కొట్టిన 'ఎక్స్'ని 'ఇ'గా దిద్దుకుని చకచకా కిందికి వచ్చేసింది. లోపల అయస్కాంతాలు సర్దుకోడానికి ఎనిమిది సెకన్ల దాకా పడుతుంది. ఆ ఎనిమిది సెకన్ల లోపల చేసిన దిద్దుబాటు యంత్రం అంతటికీ అందలేదు. తెర మీద మాత్రం దిద్దినట్టే కనబడింది. పైగా ఆవిడ అంత వేగంగా రాగలగడానికి కారణం కూడా ఒక 'సులువు' మార్పే. అంతకు ముందు, ఎంట్రీకి మరీ ఎక్కువ టైం పడుతోందని ఆపరేటర్లు మొత్తుకుంటే, ఎంటర్ కొట్టుకుంటూ పోతే పాత విలువలే వచ్చేసేలా మార్చి ఇచ్చారు. మార్పు మంచిదే, ఎవరైనా అదే సలహా ఇస్తారు. కానీ వేగంగా వస్తే ఏమవుతుందన్నది ఏ డిజైనర్‌కి తెలుస్తుంది? ఎంత గొప్పవాణ్ణి పిలిచి కూర్చోబెట్టినా బొమ్మలో ఆ ఎనిమిది సెకన్లు కనపడవు. కోడు రాసినవాడికే కనపడతాయి. తెర చెప్పేదీ లోపల జరిగేదీ ఒకటేనా అన్న ప్రశ్నకి జవాబు మన దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. యూఎక్స్‌లో నాకు తెలిసి దీన్ని మించిన ప్రశ్న లేదు. రంగులు, గుండ్రటి మూలలు అన్నీ దీని తర్వాతే.

ఎప్పటివో పాత కథలు అంటారా, సరే. 2020 ఆగస్టు 11న సిటీబ్యాంకులో జరిగింది చూడండి. ఇది మనకి చాలా దగ్గరి కథ. రెవ్లాన్ కంపెనీ అప్పు మీద దాదాపు 78 లక్షల డాలర్ల వడ్డీని అప్పిచ్చినవాళ్ళకి పంచాలి. ఫ్లెక్స్‌క్యూబ్‌లో ఆ పని కావాలంటే మొత్తం అప్పు తీర్చేస్తున్నట్టు ఎక్కించి, అసలు సొమ్ముని మాత్రం బ్యాంకు లోపలి ఖాతా ఒకదానికి మళ్ళించాలి. (ఈ దొడ్డిదారే ఒక యూఎక్స్ కథ, పోనివ్వండి.) మళ్ళించడానికి టిక్కు పెట్టాల్సిన గడులు మూడు: ప్రిన్సిపల్, ఫ్రంట్, ఫండ్. మన దేశంలో కూర్చుని ఆ పని చేస్తున్న కాంట్రాక్టు ఉద్యోగి 'ప్రిన్సిపల్' దగ్గర టిక్కు పెట్టారు. ప్రిన్సిపల్ అంటే అసలు, మళ్ళించాల్సింది అసలు, ఇంకేం కావాలి? దాన్ని ఇంకో ఉద్యోగి సరిచూశారు. అమెరికాలో ఒక బ్యాంకు అధికారి చూసి సరే అన్నారు. ముగ్గురు చూశాక దాదాపు 90 కోట్ల డాలర్లు బయటికి వెళ్ళిపోయాయి.

హెచ్చరిక రాలేదా అంటే, వచ్చింది. డబ్బు బ్యాంకు బయటికి వెళ్తుంది, కొనసాగించమంటారా అని అడిగింది. ఎంత డబ్బో చెప్పలేదు. వడ్డీ ఎలాగూ బయటికే వెళ్ళాలి కదా, 'ఎస్' కొట్టారు. అందుకున్నవాళ్ళలో కొందరు దాదాపు 50 కోట్ల డాలర్లు తిరిగివ్వం పొమ్మన్నారు. 2021 ఫిబ్రవరిలో న్యూయార్క్ కోర్టు వాళ్ళవైపే తీర్పిచ్చింది. 2022 సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పుని కొట్టేసేదాకా సిటీ కథ కంచికి చేరలేదు.

"మాన్యువల్లో ఉందిగా" అనే మిత్రులకి చెప్తున్నాను: ఉంది. మూడు గడులూ టిక్కు పెట్టాలని సూచనల్లో ఉంది. ఆ మాన్యువల్ వల్ల ఎన్ని డాలర్లు ఆగాయో పైన చూశారుగా. ఇంకో మాట, ఫ్లెక్స్‌క్యూబ్ మన దేశపు బిడ్డే. సిటీ సంస్థల్లోంచే పుట్టి, ఐ-ఫ్లెక్స్ అయ్యి, తర్వాత ఒరాకిల్ చేతికి వెళ్ళిన కంపెనీ సరుకు. భారతీయ ప్రాడక్టు అంటే ఇదీ అని మనం గొప్పగా చెప్పుకున్నదే. ఆ రోజు లోపల లెక్కలో ఒక్క పైసా తప్పలేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది. 'వర్క్స్ యాజ్ డిజైన్డ్' అని మనం టికెట్లు మూసేస్తామే, సరిగ్గా అలా. ఆ హెచ్చరికలో మొత్తం ఎంతో చూపించడానికి కొత్త డిజైనర్ అక్కర్లేదు, వర్క్‌షాపు అక్కర్లేదు, ఒక వేరియబుల్ చాలు. ఆ వేరియబుల్ ఎక్కడుందో కోడు రాసేవాళ్ళకి తప్ప తెలిసేదెవరికి?

ఇక్కడ ఒక పెద్దాయన అడ్డొస్తారు. అలన్ కూపర్. స్వయంగా ప్రోగ్రామరు, విజువల్ బేసిక్‌కి పితామహుడని పేరున్నవాడు. పిచ్చాసుపత్రిని రోగులే నడుపుతున్నారు అన్న అర్థం వచ్చే పేరుతో 1999లో ఒక పుస్తకం రాశారు. ఆ రోగులం మనమే లెండి. ఆయన వాదన ఏంటంటే, ప్రోగ్రామరు తనకి కోడు రాయడం తేలికయ్యేలా ఆలోచిస్తాడు గానీ వాడేవాడికి తేలికయ్యేలా కాదు, అందుకని డిజైన్ వేరేవాళ్ళు ముందే పూర్తి చేసి చేతికివ్వాలి అని. మొదటి సగం నిక్కమైన నిజం. మనం సొంతంగా తయారుచేసే అడ్మిన్ స్క్రీన్లు చూడండి, డేటాబేస్ టేబుల్‌ని నిలువుగా నిలబెట్టి కింద 'సబ్‌మిట్' తగిలించినట్టుంటాయి. రెండో సగంతోనే నా పేచీ. జబ్బేమో ప్రోగ్రామరు యూజర్ని ఎప్పుడూ చూడకపోవడం. మందేమో ప్రోగ్రామర్ని యూజర్‌కి ఇంకా దూరంగా కూర్చోబెట్టడం! ఆ మందు వేసుకుంటూ వేసుకుంటూ వచ్చి ఇప్పుడు ఎక్కడ తేలాం? డిజైనర్ బొమ్మ గోడ మీంచి విసురుతాడు, మనం కోడు గోడ మీంచి విసురుతాం, వాడేవాడు గోడకి ఏ పక్కనా లేడు.

దీనికి విరుగుడు కూపర్ కంటే పాతికేళ్ళ ముందే కనబడుతుంది. 1970ల మధ్యలో జిరాక్స్ పార్క్‌లో లారీ టెస్లర్, టిమ్ మాట్ అని ఇద్దరు ప్రోగ్రామర్లు 'జిప్సీ' అనే ఎడిటర్ తయారుచేశారు. జిరాక్స్‌కే చెందిన గిన్ అనే పాఠ్యపుస్తకాల కంపెనీ కోసం. మాట్ వెళ్ళి అక్కడి ఎడిటర్ల పక్కన కూర్చుని వాళ్ళు కాయితాలతో ఎలా కుస్తీ పడుతున్నారో చూశాడు. టెస్లర్ అయితే కొత్తగా చేరిన ఒక సెక్రటరీని ఖాళీ తెర ముందు కూర్చోబెట్టి, ఈ కాయితం మీదున్న దిద్దుబాట్లు ఈ తెర మీద ఎలా చేస్తావో ఊహించుకుని చెప్పు అన్నాడు. మనం ఈ రోజు వాడుతున్న కట్, కాపీ, పేస్ట్ ఆ రూపానికి వచ్చింది అక్కడే. (స్టాక్ ఓవర్‌ఫ్లో మీద బతుకుతున్న మనలో చాలామందిమి ఆయనకి నెలనెలా కొంత కట్టాలి.) ఆయన కారు నంబరు ప్లేటు మీద కూడా 'నో మోడ్స్' అనే ఉండేది. 2020లో పోయారు.

ఆయన చెప్పిన సూత్రం ఒకటి మన వాళ్ళలో కొందరికి తెలుసు. ఏ పనికైనా తప్పించలేని చిక్కుదనం కొంత ఉంటుంది, అది మాయమవదు, దాన్ని రాసేవాడు మొయ్యాలా వాడేవాడు మొయ్యాలా అన్నదే ప్రశ్న. లెక్క వెయ్యండి. మీరు ఒక వారం కష్టపడితే పోయే ఇబ్బందిని అలాగే వదిలేశారు. పదిలక్షల మంది రోజుకి ఒక్క నిమిషం దాంతో తంటాలు పడుతున్నారు. పదిలక్షల నిమిషాలంటే దాదాపు 694 రోజులు. రోజుకి! మన వారం మిగిలింది.

ఇందులో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది మన పేర్ల వ్యవహారం. పాస్‌పోర్టులో 'గివెన్ నేమ్' గడి ఖాళీగా ఉండిపోతే అమెరికా వీసా మీద ఎఫ్.ఎన్.యు. అని అచ్చేస్తారు, ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని. ఊరంతా నోరారా పిలిచిన పేరున్న మనిషి డల్లాస్‌లో దిగేసరికి 'ఫ్నూ గారు' అయిపోతాడు. అక్కణ్ణుంచి బ్యాంకులో ఫ్నూ, లైసెన్సు మీద ఫ్నూ, ఆఫీసు ఈమెయిల్లో ఫ్నూ. ప్రోగ్రామర్లు పేర్ల గురించి నమ్మే అబద్ధాలు అంటూ పాట్రిక్ మెకెంజీ 2010లో ఒక పెద్ద జాబితా రాశాడు. అందరికీ ఇంటిపేరు చివర్లోనే ఉంటుంది, అందరికీ రెండు పేర్లుంటాయి, పేరు ఇంత పొడవు దాటదు, ఈ ధోరణిలో. తెలుగువాళ్ళం ఆ జాబితాలో చాలావాటికి సజీవ సాక్ష్యాలం. ఇంటిపేరు ముందు వస్తుంది. దాన్ని ఒక్కక్షరానికి కుదిస్తాం. పెట్టుకున్న పేరేమో ఒక్కోసారి గడి దాటి పక్క పేజీలోకి వెళ్తుంది. ఇవన్నీ అనుభవించి, తిట్టుకుని, సోమవారం పొద్దున్నే ఆఫీసుకెళ్ళి మనమే రాస్తాం: లాస్ట్ నేమ్ తప్పనిసరి, కనీసం రెండక్షరాలు, ఇరవై దాటకూడదు. ఎవరు చెప్పారు ఇరవై అని? పక్క ప్రాజెక్టులోంచి కాపీ కొట్టిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ చెప్పింది.

లిపి సంగతీ అంతే. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో నాలుగు ముక్కలు, యూటీఎఫ్-8లో పన్నెండు బైట్లు. ఇరవై దగ్గర కోసెయ్ అని ఒక లైను రాస్తే శ్రీనివాసరావు గారు ఏ ముక్క దగ్గర తెగుతారో ఆయన అదృష్టం. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క తెలుగక్షరం (మధ్యలో కనపడని ఒక క్యారెక్టరుతో సహా) మెసేజిలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి గుర్తుందా? ఆపిల్ 11.2.6 తెచ్చి సర్దింది. ప్రపంచంలోకెల్లా అందమైన డిజైన్ అని పేరున్న కంపెనీ, జ్ఞానం దెబ్బకి పడిపోయింది. అక్కడ డిజైనర్ చెయ్యగలిగింది ఏమీ లేదు, అక్షరాల్ని తెర మీద పేర్చే కోడు అది.

"ఇవన్నీ ప్రాడక్టు కంపెనీల కబుర్లు గురూ, మాది సర్వీసు. డిజైనర్ న్యూజెర్సీలో, యూజరు ఒహాయోలో, నేను గచ్చిబౌలిలో. నేనెక్కడ చూడను యూజర్ని?" అంటారు. ఇదొక్కటే నేను గౌరవించే అభ్యంతరం. అయినా సగమే గౌరవిస్తాను. ఒహాయో వెళ్ళక్కర్లేదు. మీ ప్రాజెక్టు సపోర్టు టికెట్లు మీ టీంలో ఎవరికో ఒకరికి అందుబాటులో ఉంటాయి. ఓ ఇరవై తెరిచి చదవండి. మనుషులు ఏ పదం దగ్గర ఆగిపోతున్నారో, ఏ బటను వెతుక్కుంటున్నారో వాళ్ళ మాటల్లోనే ఉంటుంది. స్టేటస్ కాల్‌లో "ఈ అప్‌లోడ్ సగంలో ఆగిపోతే ఏం చూపిద్దాం?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి క్లయింటుకి కోపం రాదు. మనం నోరెత్తకపోవడాన్ని మనం వినయం అనుకుంటాం, అవతలివాళ్ళు తెలియకపోవడం అనుకుంటారు. అక్కణ్ణుంచే బిల్లింగ్ రేటు మాట్లాడతారు.

పైగా ఇప్పుడు ఇంకో చిక్కొచ్చింది. బొమ్మ ఇస్తే కోడు ఇవ్వడం, అంతే నా పని అని గిరి గీసుకున్నవాళ్ళు చేసే పనిలో చాలా భాగం ఏఐ టూల్స్ నిమిషాల్లో చేసి పెడుతున్నాయి. బొమ్మలో లేనిదాన్ని అడగడం, ఎనిమిది సెకన్ల సంగతి ముందే చెప్పడం, వీటికే మన అవసరం మిగిలేలా ఉంది. "నా పని కాదు" అని మనమే దులిపేసుకున్నది కూడా ఇదే కావడం తమాషా.

డిజైనర్ మిత్రులకి కోపం రానక్కర్లేదు. నాలుగు ఫాంట్ల పేర్లు తెలిసి, రెండు డార్క్ థీములు మార్చినంత మాత్రాన మనం డిజైనర్లం అయిపోం. కూడికకీ తీసివేతకీ ఒకే రంగు పెట్టేవాళ్ళు మనలో బోలెడుమంది. వాళ్ళ పని వాళ్ళదే. బొమ్మ గియ్యకముందే మనల్ని కూడా గదిలోకి పిలవమంటున్నాను, పిలవకపోతే తలుపు కొట్టమంటున్నాను.

ఇక "టైం ఎక్కడిచ్చారు?" అనేవాళ్ళకి. తర్వాతి ఎస్టిమేషన్ షీటులో ప్రతి స్క్రీను కిందా ఒక వరస కలపండి: నెమ్మదిగా వచ్చినప్పుడు, అసలు రానప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు, సగంలో ఆగినప్పుడు. పక్కన గంటలు వెయ్యండి. మేనేజరు కొట్టేస్తాడు, నాకూ తెలుసు. కొట్టెయ్యనివ్వండి. అప్పుడు ఆ తెర తెల్లగా ఉండాలని ఎవరు నిర్ణయించారో షీటులో పేరుతో సహా ఉంటుంది. రెండోసారి కొట్టేసే ముందు ఆయన ఒక్క క్షణం ఆగుతాడు.